సెల్లార్‌లో బూస్టర్

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో మందుల షాపు నడిపే సుజాత సిగ్నల్ రాక విసిగిపోయి, ఆన్‌లైన్‌లో ఫోన్ సిగ్నల్ పెంచే బూస్టర్ కొని బిగించుకుంది. టెర్రస్ మీద ఒక యాంటెన్నా, షాపులో చిన్న డబ్బా. నాలుగో అంతస్తులో ఉండే రామ్మూర్తి రేడియో ఇంజినీరుగా రిటైరయ్యారు. ఇద్దరూ కల్పిత పాత్రలే. గొడవ మాత్రం కల్పన కాదు.

రామ్మూర్తి: అమ్మా, ఆ యాంటెన్నా తీయించెయ్. లైసెన్సు లేకుండా అలాంటివి దగ్గర పెట్టుకోవడమే చట్టవిరుద్ధం. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుంచీ ఉన్న రూలే ఇది. 2023 టెలికాం చట్టంలోనూ ఉంది.

సుజాత: 1933లో సెల్‌ఫోన్ ఎక్కడుందంకుల్? నా షాపులో కస్టమర్ క్యూఆర్ స్కాన్ చేస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని రోడ్డెక్కుతాడు. అందరూ తిరిగొస్తారా?

రామ్మూర్తి: వైఫై పెట్టుకో. వైఫై మీదే కాల్స్ మాట్లాడే వైఫై కాలింగ్ కూడా 2019 చివర్లోనే మన దగ్గర మొదలైంది.

సుజాత: వచ్చినవాళ్లందరికీ పాస్‌వర్డ్ చెప్తూ కూర్చోనా? పెద్దవాళ్ల దగ్గరుండేవి పాత ఫోన్లు. అయినా వైఫై రౌటర్ కూడా రేడియోనే కదా, దానికి అడగని లైసెన్సు నా డబ్బాకెందుకు?

రామ్మూర్తి: రౌటర్ వాడే బ్యాండ్లకు, అంటే ఆ తరంగాల శ్రేణులకు, లైసెన్సు అక్కర్లేదని ప్రభుత్వమే వదిలేసింది, పవర్‌కి పరిమితి పెట్టి. అక్కడ పక్కింటి సిగ్నల్ అడ్డొస్తే సర్దుకుపోవాల్సిందే. నీ డబ్బా పనిచేసేది 900, 1800 మెగాహెర్ట్జ్ లాంటి చోట. అవి కంపెనీలు వేలంలో తీసుకున్నవి.

సుజాత: అదీ సంగతి! 2022 వేలంలో లక్షన్నర కోట్లకు పాడుకున్నారు కాబట్టి గాలి వాళ్లదైపోయిందా? ఈ తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టే అంది.

రామ్మూర్తి: ప్రజల మేలు కోసం వాటిని ఒక స్వతంత్ర ప్రజాసంస్థ నియంత్రించాలని కూడా అదే తీర్పులో ఉంది. సరే, చట్టం పక్కన పెట్టు. నీ డబ్బా ఏం చేస్తోందో విను. ఫోన్ తనకిష్టమొచ్చినంత గట్టిగా సిగ్నల్ పంపదు. పెంచు, తగ్గించు అని టవరే దానికి క్షణక్షణం చెబుతుంటుంది. మధ్యలో నీ డబ్బా దూరింది. 70 డెసిబెళ్లు పెంచే బూస్టరంటే కోటి రెట్లు పెంచుతున్నట్టు! నాసిరకం డబ్బా నీ మాటతో పాటు ఆ బ్యాండ్‌లోని రొదనంతా పెంచి టవర్ మీదకి పంపిస్తుంది, నువ్వు మాట్లాడినా మాట్లాడకపోయినా. ఆ రొదలో దూరపు ఫోన్ల బలహీనమైన సిగ్నల్ మునిగిపోతుంది. పైగా రెండు యాంటెన్నాల మధ్య తగినంత అడ్డు లేకపోతే కింద వదిలింది మళ్లీ పైకి చేరుతుంది. పెళ్లి పందిట్లో మైకు కీచుమన్నట్టు డబ్బాయే కీచుమంటుంది. అది చెవికి వినపడదు. నీకు ఫుల్ సిగ్నల్ కనిపిస్తుంటుంది, వెనక వీధిలో ఎవరికో అంబులెన్స్‌కి కాల్ కలవదు.

(ఈ ముక్క ఆయన ముందే చెప్పాల్సింది. సెక్షన్లతో మొదలుపెడితే ఎవరు వింటారు?)

సుజాత: మరి అమెరికాలో మా అన్నయ్య ఇంట్లో బూస్టర్ ఉంది. దర్జాగా రిజిస్టర్ చేయించుకున్నాడు. అక్కడి ఫిజిక్స్ వేరా?

రామ్మూర్తి: ఫిజిక్స్ అదే, డబ్బా వేరు. 2013లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూల్స్ పెట్టింది. కీచు మొదలైతే దానంతటదే ఆగిపోవాలి, టవర్ దగ్గర్లో ఉంటే బలం తగ్గించుకోవాలి, రొద హద్దు దాటకూడదు. ఆపమంటే ఆపేయాలి.

సుజాత: 2018లో బ్రిటన్ కూడా కొన్ని రకాలకు లైసెన్సు అక్కర్లేదంది. ఆ పరీక్ష మన దగ్గరా పెడితే పాసైన డబ్బానే కొనేదాన్ని కదా! మంచిది దొరక్కుండా చేసి, చెడ్డది కొన్నావని నన్నంటే ఎలా?

రామ్మూర్తి: ...అది మాత్రం కాదనను. ఇక్కడ రిపీటర్, అంటే ఇలాంటి బూస్టర్, పెట్టాలంటే ఫోన్ కంపెనీయే పెట్టాలి. వాళ్లనే అడగాలి.

సుజాత: అడగలేదనుకున్నారా? కంప్లైంట్ పెడితే 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్. అది చూడ్డానికీ రోడ్డు మీదకెళ్లాలి!

రామ్మూర్తి: భవనాలకు కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చేలా 2024లో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు తెచ్చింది...

సుజాత: ఇల్లు కొనేవాళ్లకి పనికొస్తుందేమో. మన బిల్డింగ్ ఎప్పుడో కట్టేశారు.

రామ్మూర్తి: అయితే అసోసియేషన్ తరఫునే రాద్దాం. సెల్లార్‌లో వాళ్ల యాంటెన్నాలు పెట్టమందాం, చోటూ కరెంటూ మనమిద్దాం. లెటర్ నేను రాస్తాను. అందాకా వైఫై పాస్‌వర్డ్ గోడకి అంటించు.

సుజాత: రాయండి, ప్లగ్ ఇవాళే తీసేస్తాను. నెలలోగా వాళ్లు రాకపోతే మళ్లీ పెడతాను. ముందే చెప్తున్నా.

రామ్మూర్తి: పెడితే కంప్లైంట్ చేసేది నేనే. నేనూ ముందే చెప్తున్నా.