నాలుగు నెలల తర్వాత మా వీధిలో వెలుతురు

పొద్దున్నే ఆరున్నరకి డాబా ఎక్కాను. గుమ్మడి వడియాలు రాత్రి ఆ గోలలో ఎత్తడం మర్చిపోయాను. చూస్తే చీర మీద వడియాలతో పాటు కాలిన అట్ట గొట్టాలు మూడు, చారెడు బూడిద, గంధకం కంపు. పక్కనే మారేడుకాయంత గుండు ఒకటి, గోధుమరంగు కాగితం చుట్టి, పేలకుండా పడి ఉంది. అదేందో నాకు అర్థమయ్యేలోపే నా వెనకాలే వచ్చిన మా బుడ్డోడు బంతి అనుకుని రెండు చేతులతో ఎత్తేశాడు. ఐదో తరగతి చదువుతున్నాడు. వాడి చేతుల్లోంచి దాన్ని లాక్కుని నీళ్ళ బకెట్లో ముంచేదాకా నాకు ఊపిరి ఆడలేదు. ఇప్పుడు టైము ఏడూ పది, ఇంకా చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

నిన్న మా ఊళ్ళో ఉత్సవాలు. ఊరి పేరు రాయను, రాస్తే రేపు మా ఇంటి కొలతలు మళ్ళీ తీయడానికి టేపు పట్టుకుని వస్తారు. నెల్లూరుకి గంట ప్రయాణం, అంతవరకు చాలు. మూడు రోజులు స్టేజీ, సన్మానాలు, శాలువాలు, ఆఖరి రోజు "కనీవినీ ఎరుగని బాణసంచా" అని ఆటోకి మైకు కట్టి తిప్పారు. ఎంతయిందని అడిగితే ఒకాయన ఆరు లక్షలంటాడు, ఒకాయన పన్నెండంటాడు, ఇంకొకాయన "దాతలిచ్చార్లే అమ్మా" అంటాడు. ఏ దాతో పేరు చెప్పవయ్యా అంటే ఫోనొచ్చింది అంటాడు. ఇరవై నిమిషాల్లో అంతా పొగై పోయింది, ఆ పొగ కూడా మా ఇళ్ళలోకే వచ్చింది.

సరే, నా బాధ వినండి. మా వీధి మలుపులో స్తంభానికి బల్బు పోయి నాలుగు నెలలు. సచివాలయంలో మూడుసార్లు రాసిచ్చాను. మొదటిసారి "పై నుంచి రావాలి మేడమ్". రెండోసారి "ఏజెన్సీకి బిల్లులు బాకీ మేడమ్". మూడోసారి ఆ అబ్బాయి నన్ను చూడగానే "ఫండ్స్ లేవు మేడమ్" అన్నాడు, నేనింకా నోరు తెరవకముందే. ఆ స్తంభం కిందే కాలవ మీద బండ ఒకటి లేచిపోయి ఉంది. పోయిన నెల శనివారం గుడి నుంచి వస్తూ మా అత్తమ్మ ఆ సందులో కాలు పెట్టింది. మడమ దగ్గర ఎముక చిట్లింది, పిండికట్టు, మూడు వారాలు మంచం. డెబ్బై ఒకటేళ్ళ మనిషి.

నిన్న రాత్రి ఆమె మంచం కిటికీ దగ్గరికి జరిపాం, పాపం ఆమె కూడా చూస్తుందిగదా అని. ఆకాశంలో పెద్ద పచ్చటి పువ్వు విచ్చుకుంది, వీధంతా పట్టపగల్లా అయింది. అత్తమ్మ ఆకాశం వైపు చూడనే లేదు. కిందకి వేలు పెట్టి చూపించి "అదిగో అమ్మాయ్, నేను పడింది అక్కడే, ఆ బండ ఇంకా వెయ్యలేదే" అంది.

నాలుగు నెలల్లో మా వీధికి వచ్చిన మొదటి వెలుతురు అది. థాంక్స్ అండి.

పచ్చ రంగు అన్నాను కాబట్టి ఒక మాట. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషన్ చెప్తాను. ఎరుపు స్ట్రాన్షియం, పసుపు సోడియం, నీలం రాగి, పచ్చ బేరియం అని జ్వాలా పరీక్ష దగ్గర ఏటా బట్టీ పట్టిస్తాను. టపాకాయల్లో బేరియం లవణాలు వాడొద్దని సుప్రీంకోర్టు చెప్పింది 2018లో. ఆ తీర్పులోనే దీపావళికి కాల్చేది రాత్రి 8 నుంచి 10 దాకా మాత్రమే అంది. ఆ రూలు మనకి, అంటే కాకరపువ్వొత్తి కాల్చుకునే మామూలు జనానికి. నిన్న ముఖ్య అతిథి రావడం ఆలస్యమైతే ఈ కార్యక్రమం మొదలైందే పదీ ఇరవైకి. చంటిపిల్లలు భుజాల మీద నిద్రపోయారు, తల్లులు దోమలు తోలుకుంటూ నిలబడ్డారు, ఆయన దిగి అందరికీ నమస్కారం పెట్టాకే వత్తి వెలిగింది. మా పక్కింటాయన దీపావళి రోజు పదిన్నరకి ఒక లక్ష్మీ బాంబు కాలిస్తే బీటు కానిస్టేబుల్ వచ్చి క్లాసు పీకి వెళ్ళాడు. నిన్న అదే కానిస్టేబుల్ జనాన్ని వెనక్కి తోస్తూ బందోబస్తులో ఉన్నాడు.

2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగి ఎనిమిది మంది పోయారు. ఆరోజు మన ఊరి గ్రూపుల్లో ఎన్ని కొవ్వొత్తి బొమ్మలో, ఎన్ని "ఓం శాంతి"లో. నిన్న అవే గ్రూపుల్లో అవే వేళ్ళతో "సూపర్ అన్నా, మన ఊరి రేంజే వేరు" అని పెట్టారు. మందు కూరిన చేతులు ఎవరివో ఒక్కరికీ గుర్తు రాలేదు.

"జనానికి సంతోషం వద్దా మేడమ్, అన్నిట్లో నెగిటివ్ చూస్తారు" అని ఇప్పటికే ఒకాయన పర్సనల్‌గా మెసేజ్ పెట్టాడు. అయ్యా, ఆకాశంలో వెలుగు చూడాలంటే మనకి శ్రీహరికోట ఉంది. రాత్రిపూట ప్రయోగమైతే డాబా మీద నిలబడితే చాలు, నారింజ రంగు గీత పైకి పోతా ఉంటుంది. 2025 జనవరి 29న అక్కడి నుంచి వందో ప్రయోగం, తెల్లారుజామున లేచి చూశాం, పైసా ఖర్చు లేదు, ఒక్క వడియం కాలలేదు. అదీ ప్రజల డబ్బే కదా అంటారని తెలుసు. కనీసం అది పైకెళ్ళి పని చేస్తుందయ్యా, మా డాబా మీద పడదు.

ఇక సంతోషం సంగతి. రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గరికి లక్షల మంది వస్తారు. హిందువులా ముస్లింలా అని ఎవరూ అడగరు, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఒకరి చేతిలో రొట్టె ఇంకొకరు పట్టుకుంటారు. అక్కడ నీళ్ళకీ, మరుగుదొడ్లకీ, లైట్లకీ సర్కారు డబ్బు పెడితే నేను ఏనాడన్నా అడిగానా? పెట్టాల్సిందే. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె అన్నీ ఉన్నాయి. వచ్చేసారి వీధి దీపం రొట్టె పట్టుకుందామనుకున్నాను. కానీ కోరిక తీరినవాళ్ళే కదా రొట్టె వదలాలి. ముందు ఎవరికైనా తీరాలిగా.

అసలు నాకు కడుపు మండేది వేరే ఉంది. ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నా, ఈ రోజు రాసేస్తా.

మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఉంటుంది. రూపాయికి 8 పైసలు. 1960 నాటి చట్టం. నాకు ఇంటి పన్ను 2,400 వస్తే దాని మీద 192 రూపాయలు లైబ్రరీకని కడుతున్నాను, ఏటా, ఒక్క ఏడు తప్పకుండా. ఆ డబ్బు వసూలు చేసినవాళ్ళు గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. రాష్ట్రంలో చాలా చోట్ల చేయరు, సొంత ఖర్చులకి వాడేసుకుని బకాయిల కింద రాసిపెట్టుకుంటారు. మన ఊరిదీ అదే కథ అని లైబ్రేరియన్ గారే అన్నారు, గొంతు తగ్గించి.

నేను చదువుకున్న లైబ్రరీ అది. ఎండాకాలం సెలవుల్లో మా నాన్న సైకిల్ మీద దింపి వెళ్ళేవాడు. ఇప్పుడు వెళ్ళి చూడండి. వానొస్తే బీరువాల మీద పట్టాలు కప్పుతారు. ఉన్న రెండు ట్యూబ్‌లైట్లలో ఒకటి వెలుగుతుంది, అది కూడా కాసేపు ఆలోచించుకుని. పోయినేడు మెగా డీఎస్సీ, 16,347 పోస్టులు అనేసరికి మా ఊరి పిల్లలు ఇళ్ళ నుంచి కుర్చీలు మోసుకుని వెళ్ళి వరండాలో చదివారు. నా దగ్గర ట్యూషన్ చదివిన పిల్ల ఒకతి సాయంత్రం ఆరు దాటాక ఫోను టార్చి నోట్లో కరుచుకుని నోట్స్ రాసుకుంటుంటే నేను కళ్ళారా చూశాను. ఇదే జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని సారా దుకాణాలు మూయించారు, 1993లో రాష్ట్రమంతా సారా ఆగింది. మరి మనం? ఒక ట్యూబ్‌లైటు మార్పించలేక, మొన్న స్టేజీ మీద "విద్యకు పెద్దపీట" అంటుంటే చప్పట్లు కొట్టాం. నేను కూడా కొట్టాను, పక్కావిడ కొడుతోందని. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

ఆరు లక్షలో పన్నెండు లక్షలో, ఏదైతే ఏం, అందులో నా 192లు ఎన్ని ఉన్నాయో నాకు లెక్క కావాలి. అందులో ఒక్క ట్యూబ్‌లైటు ధర ఎంతో కూడా కావాలి. లేదు, నేనే కొనిస్తాను, బిగించడానికి మనిషిని పంపండి చాలు. వద్దులే, మనిషిని పంపితే ప్రారంభోత్సవం పెట్టి మళ్ళీ టపాకాయలు కాలుస్తారు.

ఇదంతా రాస్తుండగా మధ్యలో ఆఫీసుకి ఫోన్ చేశాను. బకెట్లో ఉన్న ఆ గుండుని ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి, ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు, దాన్ని ఏం చేయాలో మాకు తెలీదు అని. అవతలాయన మర్యాదగానే మాట్లాడాడు. "ఈ రోజు స్టాఫ్ ఎవరూ లేరమ్మా, అందరూ గ్రౌండ్లో షామియానాలు విప్పుతున్నారు. సోమవారం దాకా బకెట్లోనే ఉంచండి" అన్నాడు.