స్మార్ట్ స్నాక్స్ నిబంధన గారికి, బేక్‌సేల్ బల్ల దగ్గర్నుంచి

బళ్లలో పిల్లలకి అమ్మే తిండికీ పానీయాలకీ కొలతలు పెట్టే మహారాజశ్రీ స్మార్ట్ స్నాక్స్ నిబంధన గారి సముఖానికి,

అమెరికా ప్రభుత్వ బడుల్లో పీటీఏ, అంటే తల్లిదండ్రులూ టీచర్ల సంఘం తరఫున, బడికి డబ్బు పోగేయడానికి బల్లలు వేసి, తినుబండారాలు పేర్చి, అట్టముక్క మీద మార్కర్‌తో ‘ఒక్కోటి ఒక డాలర్’ అని రాసి నిలబడే తల్లిదండ్రులం నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనూ, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ ఈ బల్లల వెనకాల తెలుగువాళ్లం దండిగానే ఉన్నాం కాబట్టి తెలుగులోనే రాస్తున్నాం. మీకు అర్థం కాకపోతే ఏమీ అనుకోం. మీరు రాసింది మాకు అర్థం కావడానికీ చాలా రోజులే పట్టింది.

ముందుగా మీ పుట్టుపూర్వోత్తరాలు. 2010 డిసెంబర్ 13న వాషింగ్టన్‌లోని ఒక ఎలిమెంటరీ స్కూల్లో కూర్చుని ఒబామా గారు ‘హెల్దీ, హంగర్-ఫ్రీ కిడ్స్’ చట్టం మీద సంతకం పెట్టారు. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో వ్యవసాయ శాఖ వారు 2013లో మిమ్మల్ని మధ్యంతర రూపంలో కన్నారు. 2014 జూలై 1న బడిలో అడుగుపెట్టారు, 2016లో ఖరారయ్యారు. మీకు ముందు ఆ కుర్చీలో ఉన్న పెద్దమనిషి, అంటే పాత నిబంధన, మరీ మెతక. సోడా, గట్టి కాండీ, చూయింగ్ గమ్ లాంటి కొన్నిటిని భోజనాల వేళ, భోజనాల గదిలో అమ్మొద్దనేవాడు. గది గుమ్మం దాటాక సోడా మెషిన్ కనబడితే తల తిప్పుకునేవాడు. పాలూ పల్లీలూ ఉన్నాయన్న వంకతో చాక్లెట్ బార్‌ని కనీసం పేరైనా అడిగేవాడు కాదు. కాబట్టి మీ రాక అవసరమే. ఈ ముక్క మొదటే ఒప్పుకోకపోతే మమ్మల్ని కప్‌కేకుల పార్టీలో జమకట్టేస్తారు.

ఇక అసలు సంగతి. మీ దృష్టిలో బడి రోజు అర్ధరాత్రి పన్నెండింటికి మొదలై, ఆఖరి గంట కొట్టిన అరగంట దాకా నడుస్తుంది. పిల్లలు తిరిగే ఆవరణ అంతా మీ ఏలుబడే. బడి మూడింటికి వదిలితే, మూడూ ఇరవైతొమ్మిదికి పిల్లవాడికి అమ్మిన కప్‌కేక్ నేరం, మూడున్నర దాటాక అదే కప్‌కేక్ సమాజసేవ. పొద్దున ఏడింటికి, గంట కొట్టకముందే డోనట్లు అమ్మేసి వెళ్లిపోదామని ప్రతి ఏటా కొత్తగా చేరిన వాలంటీర్ ఒకరు ఉపాయం చెబుతారు. వారికి అర్ధరాత్రి సంగతి తెలియదు పాపం. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర నాచోలు, శనివారం కార్నివాల్లో పంచదార పీచుమిఠాయి, ఇవేవీ మీ పద్దులోకి రావు. పిల్లల ఆరోగ్యం సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఆఫీసు వేళల్లోనే చెడుతుందని మీరు పసిగట్టినట్టున్నారు.

మీ కొలతలు మాకు కంఠతా వచ్చు. చిరుతిండి అయితే ఒక్కో వడ్డనకు 200 కేలరీలు మించకూడదు, 200 మిల్లీగ్రాముల సోడియం మించకూడదు. అంటే అటూ ఇటుగా అరగ్రాము ఉప్పు. మొత్తం కొవ్వు నుంచి వచ్చేవి కేలరీల్లో 35 శాతం దాటకూడదు, నెయ్యీ వెన్నల్లో ఎక్కువగా ఉండే సాచురేటెడ్ కొవ్వు నుంచి 10 శాతం లోపే రావాలి. బరువులో 35 శాతం మించి చక్కెర ఉండకూడదు. వీటన్నిటికంటే ముందు ఇంకో గడప ఉంది. పదార్థాల పట్టీలో మొదట ఉండేది పొట్టు తీయని ముడిధాన్యమో, పండో, కూరగాయో, పాల పదార్థమో, పప్పూ గింజలూ మాంసం లాంటి మాంసకృత్తుల తిండో కావాలి. అదీ కుదరకపోతే పావు కప్పు పండో కూరగాయో కలిసిన వంటకం కావాలి.

ఈ త్రాసులో మన శెనగపిండి లడ్డూని పెట్టి చూశాం. పిండి 200 గ్రాములు, పంచదార 150, నెయ్యి 100. పిండి పప్పుదే కాబట్టి మొదటి గడప దాటింది. సంబరపడేలోపే కొవ్వు కేలరీలు 45 శాతం దగ్గర తేలాయి. సాచురేటెడ్ కొవ్వు పాతిక శాతం. చక్కెర, పిండిలో సహజంగా ఉన్నదీ కలిపి, బరువులో 38 శాతం. నలభై గ్రాముల లడ్డూకి 202 కేలరీలు. కొవ్వులోనూ చక్కెరలోనూ ఎలాగూ పోయింది, కనీసం కేలరీల్లోనైనా గట్టెక్కుతుందనుకుంటే రెండంటే రెండు కేలరీలతో తప్పింది. పంచదార మాని బెల్లం వేద్దామా అంటే, మీరు చూసేది మొత్తం చక్కెరని. బెల్లానికి ఉన్న మంచిపేరు మీ దగ్గర చెల్లదు. సరే, మిమ్మల్ని మెప్పించే లడ్డూ ఎలా ఉంటుందో లెక్క కట్టాం. 200 గ్రాముల పిండికి పంచదార 80, నెయ్యి 20. దాన్ని ఉండ చుట్టడం మాత్రం ఎవరి తరమూ కాదు. గిన్నెలో పోసి చెంచా ఇచ్చి అమ్మాలి.

ఇడ్లీ సంగతి ఇంకా విచిత్రం. నూనె చుక్క లేదు, ఆవిరి మీద ఉడికింది, పసిపిల్లలకీ జ్వరం వచ్చినవాళ్లకీ పెట్టేది. అయినా మొదటి గడప దగ్గరే బోర్లాపడింది. రెండు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు. నీళ్లని మీరు లెక్కలోకి తీసుకోరు కాబట్టి మొదటి పదార్థం తెల్ల బియ్యం, అది ముడిధాన్యం కాదు. దంపుడు బియ్యంతో చేస్తేనో, పావు కప్పు కూరగాయలు కూరితేనో తప్ప లోపలికి రానివ్వరు. అదే సమయంలో ముడి మొక్కజొన్న మొదటి పదార్థంగా, కొవ్వు తగ్గించి, బడుల కోసమే ప్రత్యేకంగా తయారైన డొరిటోస్ చిప్స్ పొట్లం దర్జాగా నడిచి వచ్చేస్తుంది. బయటి దుకాణంలో ఉండే పొట్లం మీద ఉన్న పేరే దీని మీదా ఉంటుంది, సరుకు మాత్రం వేరు. బళ్లో ఆ పేరు చూసి రుచి మరిగిన పిల్లవాడు సాయంత్రం దుకాణంలో ఏ పొట్లం కొనుక్కుంటాడో మీరు అడగలేదు. కంపెనీవాళ్లకి అడగకుండానే తెలుసు.

మీ పరీక్ష పాసైన మన వంటకం ఒకటుంది, పెసరట్టు. నలభై గ్రాముల పెసలు, ఒక టీస్పూన్ పొద్దుతిరుగుడు నూనె, అరగ్రాములోపు ఉప్పు. 180 కేలరీలు, కొవ్వు పాతిక శాతం, సాచురేటెడ్ కొవ్వు నామమాత్రం. అల్లం పచ్చడి అడక్కండి, పక్కన ఏది వడ్డించినా దాని ఉప్పూ చక్కెరా కూడా అట్టు ఖాతాలోనే పడతాయి. పచ్చడి లేని పెసరట్టుని ఎవరు కొంటారన్నది వేరే ప్రశ్న. అంతకంటే ముందు కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ వారు వస్తారు. ఛారిటీ అమ్మకాలకి ఇంటి వంటను చాలాచోట్ల ఒప్పుకుంటారు గానీ, బయట పెట్టినా చెడని కేకులూ బిస్కెట్ల లాంటి వాటినే. అక్కడ ‘ఇది తనిఖీ లేని వంటింట్లో చేసినది’ అని బోర్డు కూడా పెట్టించే ఏర్పాటు ఆహార భద్రతకి నమూనా నియమావళి అయిన ఫుడ్ కోడ్‌లోనే ఉంది. తడి ఉన్న వేడి తిండి అయితే 135 డిగ్రీల ఫారన్‌హీట్ పైనే ఉంచాలి. అంటే చెడనిదాన్ని మీరు ఒప్పుకోరు, మీరు ఒప్పుకున్నది చెడుతుందని కౌంటీవారు ఒప్పుకోరు. అత్తాకోడళ్ల మధ్య చిక్కుకున్న కొత్తపెళ్లికొడుకు కూడా ఇంత అవస్థ పడడు.

మీ మినహాయింపుల్లోనూ చిక్కులకు లోటు లేదు. వేయించిన పల్లీలకి రెండు కొవ్వుల లెక్కా మాఫీ చేశారు, సంతోషం. వాటికి బెల్లం పాకం పట్టి పల్లీపట్టీ చేస్తే ఆ మాఫీ రద్దు. ఒట్టి పల్లీలే అమ్ముదామంటే, ఎలర్జీ ఉన్న పిల్లలున్నారని చాలా బడులు పల్లీని గేటు దగ్గరే ఆపేస్తాయి. అది సబబే, దానికి మిమ్మల్ని తప్పుపట్టం. 2024లో హమ్మస్ లాంటి పప్పుముద్దలకి మొత్తం కొవ్వు లెక్క తీసేశారు. శెనగల్ని నానబెట్టి, ఉడికించి, నువ్వుల ముద్దతో రుబ్బితే మీ దయ ఉంటుంది. అవే శెనగల్ని ఎండబెట్టి, పిండి విసిరి, నేతిలో వేయిస్తే ఉండదు. పానీయాల్లో అయితే ఎలిమెంటరీ పిల్లలకి నీళ్లు, పాలు, అచ్చమైన పండ్ల రసం మాత్రమే. హైస్కూల్ వాళ్లకి మాత్రం ఇరవై ఔన్సుల డైట్ కోలా, కెఫీన్‌తో సహా, నిరభ్యంతరం. పంచదార వేసిన నిమ్మరసం అయితే పన్నెండు ఔన్సుల గ్లాసులో 60 కేలరీలు, అంటే పదిహేను గ్రాముల పంచదార దాకానే. ఆ నిమ్మరసం తాగినవాళ్ల మొహాలు మీరు ఒకసారి వచ్చి చూడాలి.

కాగితాల పని గురించి కూడా చెప్పుకోవాలి. పొట్లం సరుకైతే సులువు. లేబుల్ మీది అంకెల్ని ‘అలయన్స్ ఫర్ ఎ హెల్దియర్ జెనరేషన్’ అనే స్వచ్ఛంద సంస్థ వారి కాలిక్యులేటర్‌లో కొట్టి, పచ్చజెండా వచ్చిన పేజీని ప్రింట్ తీసి, బిల్లుతో కలిపి ఫైల్లో పెట్టాలి. రికార్డులు మూడేళ్లు దాచాలి, రాష్ట్రం నుంచి ఆడిట్‌కి వచ్చినవాళ్లు అడుగుతారు. ఇంటి వంటైతే ప్రతి పదార్థాన్నీ గ్రాముల్లో తూచాలి, వండాక మొత్తాన్ని తూచాలి, ఒక్కో ముక్కనీ తూచాలి. ముక్క కాస్త పెద్దదైతే కేలరీలు గీత దాటుతాయి. ‘చారెడు’, ‘గుప్పెడు’, ‘తగినంత’ అన్న కొలతలకి ఆ కాలిక్యులేటర్‌లో గడి లేదు. అందుకే చివరికి ప్రిన్సిపాల్ గారు విసిగి ‘పొట్లాలే తెండి’ అంటారు. న్యూయార్క్ నగరం ఈ దారిని మీకంటే ముందే, 2009లోనే పట్టింది. ఇంట్లో చేసినవి వద్దు, ఆమోదం పొందిన పొట్లాలు ముద్దు అంది. ఆ ఆమోదిత జాబితాలో పాప్‌టార్ట్‌లనే తీపి పొట్లాలు కూడా ఉన్నాయని తెలిసి, 2010 మార్చిలో తల్లిదండ్రులు కేకులు పట్టుకుని సిటీ హాల్ దగ్గరికి వెళ్లారు.

మీకు దొడ్డిదారి కూడా ఉందని తెలుసు. ఏడాదికి ఎన్ని అమ్మకాలని మీ లెక్కల నుంచి వదిలేయాలో రాష్ట్రాలే తేల్చుకోవచ్చన్నారు. రాష్ట్రం నోరు విప్పకపోతే సున్నా. టెక్సస్ ఒక్కో బడికి ఏడాదికి ఆరు రోజులు ఇచ్చింది. జార్జియా ముప్ఫై అమ్మకాలు ఇచ్చింది, ఒక్కోటి మూడు రోజుల దాకా. ముప్ఫై మూళ్లు తొంభై, బడి నడిచేది నూట ఎనభై రోజులు. సగం ఏడాది మీరు సెలవులో ఉన్నట్టే. అయినా ఆ రోజుల్లో భోజనాల వేళ భోజనాల గదిలో బల్ల వేయకూడదని ఒక షరతు మిగుల్చుకున్నారు, పరువు కోసం కాబోలు. టెక్సస్ వ్యవసాయ కమిషనర్ సిడ్ మిల్లర్ గారైతే 2015 జనవరిలో పదవిలోకి వస్తూనే కప్‌కేకులకి క్షమాభిక్ష ప్రకటించారు. పుట్టినరోజుకి ఉచితంగా పంచే కప్‌కేక్‌ని మీరు అసలు ముట్టుకోనే లేదు. చేయని నేరానికి దొరికిన క్షమాభిక్ష అది. ఊరికే పంచితే వెల్‌నెస్ పాలసీ అనే స్థానిక ఆరోగ్య నియమావళి చూసుకుంటుంది, పావలా తీసుకుంటే మీరు చూసుకుంటారు. ‘అమ్మట్లేదండీ, డబ్బాలో మీకు తోచింది వేయండి’ అన్న తెలివి కూడా మీ ముందు పారదు. తోచినంత వేసినా అది అమ్మకమే అని ముందే రాసిపెట్టుకున్నారు.

అన్నిటికన్నా పెద్ద కంత మాత్రం అలాగే వదిలారు. బళ్లో తినడానికి కాక ఇంటికి తీసుకెళ్లడానికి ఇచ్చే సరుకు మీ పరిధిలోకి రాదు. కాబట్టి రెండో తరగతి పిల్ల కుకీ డో బకెట్లకి ఆర్డర్ ఫారం పట్టుకుని వీధంతా తిరగొచ్చు, నాన్న ఆఫీసులో చాక్లెట్ల పెట్టె తెరిచి పెట్టొచ్చు. కేలరీలు ఆఫీసువాళ్లవి, మీకెందుకు? కంపెనీవాళ్లు వచ్చిన డబ్బులో బడికి సాధారణంగా నలభై, యాభై శాతం వదిలి మిగతాది తీసుకుంటారు. ఇంట్లో చేసిన లడ్డూల డాలర్ డాలరంతా బడికే పోయేది. ఆ లెక్క కాలిక్యులేటర్‌లో ఉండదు.

మీ దూరపు చుట్టం ఒకరు మా ఊళ్లవైపూ ఉన్నారు. భారత ఆహార భద్రతా సంస్థ 2020లో చేసిన నిబంధన. కొవ్వూ ఉప్పూ చక్కెరా ఎక్కువున్నవాటిని బడిలోనే కాదు, గేటు నుంచి యాభై మీటర్ల లోపల అమ్మకూడదంటుంది. మీకు గడియారం, వారికి టేపు. మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకుంటే బాగుంటుంది.

మా కోరికలు పెద్దవి కావు. ఇంటి వంటకి ఒక తేలికపాటి పట్టిక ఇవ్వండి. ‘ఈ పాళ్లలో చేసి, ఇంత బరువుకి కోస్తే సరి’ అని ఇరవై వంటకాలకి మీరే లెక్క కట్టి పెట్టండి. కాలిక్యులేటర్ మీ చేతిలో ఉంది, తూచే పని మేం చేస్తాం. బడి కోసం వేరేగా చేసిన సరుకుకి దుకాణం పేరూ బొమ్మా పెట్టొద్దని కంపెనీలకి చెప్పండి. మీ మాట వాళ్లు వింటారు, మాది వినరు. ఇంకోటి, అమ్మకానికి అనుమతి కోరే ఫారంలో ‘ఈ డబ్బు దేనికి’ అన్న గడి ఉంటోంది. అందులో మేం ఏటా రాసేవి ఇవే: జిరాక్స్ కాగితం, లైబ్రరీ పుస్తకాలు, డ్రాయింగ్ క్లాసుకి రంగులు. లడ్డూలో నెయ్యి ఎంతో అడిగిన మీరు, ప్రభుత్వ బడిలో జిరాక్స్ కాగితం ఎందుకు లేదో అడగడానికి దాని పక్కన ఇంకో గడి పెట్టించండి. సంతకం ఎవరిదో కూడా మీరే రాయండి.

ఇట్లు,
మీ విధేయులు,
బల్ల వెనకాల తూకం మిషన్‌తో నిలబడ్డ పీటీఏ తల్లిదండ్రులం