రోడ్డు తవ్వలేదు కదా, ప్రమాదం లేదనుకోవద్దు

రోడ్డు తవ్వకుండా పైపు వేసే మెషిన్ వీడియో ఒకటి గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని కింద రాసింది ఇది: "మెషిన్ తల లోపల ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. పైపునే సూదిలా గుచ్చి తోసేస్తారు. తర్వాత రోడ్డు కింద గుల్ల మిగులుతుంది. పోసే బురద కెమికల్, భూగర్భ జలం విషమైపోతుంది. ఒక్కటే మేలు, తవ్వకం లేదు కాబట్టి మిగతా లైన్లకు ఏ ప్రమాదమూ ఉండదు." నేల కింద మెషిన్ తల ఎక్కడుందో చూపే లొకేటర్ పట్టుకుని ఈ పని వెంట చాలాకాలం నడిచినవాణ్ణి. భయపెట్టిన నాలుగు మాటలకన్నా ధైర్యం చెప్పిన ఆ ఐదో మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. అయినా వరసగానే వస్తాను.

ఎటు పోతుందో తెలీదన్నది మొదటిది. హారిజాంటల్ డైరెక్షనల్ డ్రిల్లింగ్ అనే ఈ పద్ధతిలో తల ఒక పక్క చెక్కేసినట్టు ఏటవాలుగా ఉంటుంది. తల వెనక ఒకదానికొకటి బిగించిన ఇనప రాడ్లు తిప్పుతూ తోస్తే సూటిగా పోతుంది. తిప్పడం ఆపి తోస్తే, మట్టి ఆ ఏటవాలు ముఖం మీద ఒత్తి తలను పక్కకు మళ్లిస్తుంది. తల వెనకాలే సోండ్ అనే చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. దానికి పైన, నేల మీద, ఒక మనిషి లొకేటర్‌తో నడుస్తుంటాడు. లోతెంత, వాలెంత, ఆ ముఖం ఎటు తిరిగి ఉంది, అన్నీ తెర మీద కనిపిస్తాయి. ముఖం దిశను గడియారం అంకెల్లో చెప్పుకుంటాం. "మూడు మీద పెట్టి సగం రాడ్ తొయ్" అంటే కుడికి మళ్లించమని. పన్నెండు అంటే పైకి, ఆరు అంటే కిందికి. రాడ్ రాడ్‌కీ లోతు రాసుకుంటాం. కాంక్రీటులోని ఇనప చువ్వలు, కరెంటు కేబుళ్లు సిగ్నల్‌ను చెడగొడతాయి, నిజమే. అందుకే మొదలుపెట్టకముందే దారంతా నడిచి, ఎక్కడ ఎంత అడ్డు వస్తోందో చూసుకుని ఫ్రీక్వెన్సీ ఎంచుకుంటాం. నది కిందైతే పైన నడవలేం కాబట్టి రాడ్ల లోపల వైరు వేసి, తల దగ్గరున్న సెన్సార్ల రీడింగ్ తీసుకుంటారు. 1971లో కాలిఫోర్నియాలోని పహారో నది కింద మార్టిన్ చెరింగ్టన్ పైపు దాటించిన నాటి నుంచి, ఈ రంగం పట్టుబట్టి నేర్చుకున్న విద్య ఇదే.

పైపును సూదిలా గుచ్చుతారా? వీడియో మళ్లీ చూడండి. పైపు నేలలోకి దిగుతున్నది మెషిన్ వైపు నుంచి కాదు, అవతలి వైపు నుంచి. ముందు సన్నని పైలట్ బోర్ అవతల తేలుతుంది. అక్కడ తల విప్పి, రీమర్ అనే వెడల్పాటి కోత పనిముట్టు బిగించి, వెనక్కి లాగుతూ రంధ్రాన్ని పెద్దది చేస్తారు, మామూలుగా పైపు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. ఆ తర్వాతే పైపును లాగుతారు. మధ్యలో స్వివెల్ అనే తిరిగే కీలు ఉంటుంది కాబట్టి రాడ్లు తిరిగినా పైపు తిరగదు.

గుల్ల సంగతి. కోసిన మట్టిని, రాడ్ల గుండా పంపే బెంటోనైట్ బురద (నీళ్లలో కలిపిన బంకమట్టి) బయటికి మోసుకొస్తుంది, పైపు చుట్టూ సందు కూడా ఆ బురదతోనే నిండి ఉంటుంది. కదలకుండా ఉంటే జెల్లీలా పట్టుకోవడం దాని గుణం. కానీ వదులు ఇసుకలో పెద్ద పైపును మరీ పైపైన వేస్తే రోడ్డు కుంగుతుంది, అది కాదనను. రావాల్సినదానికన్నా ఎక్కువ మట్టి బయటికొస్తుంటే లోపల కూలుతున్నట్టే. అక్కడ పని ఆపాలి.

విషం మాట తప్పు. బెంటోనైట్ ఒక రకం బంకమట్టి, మంచినీటి బోర్లు వేసేటప్పుడూ వాడతారు. అయితే ఒత్తిడి ఎక్కువై పగుళ్లగుండా వాగులోకి తేలితే, ఆ సన్నమట్టి అడుగున పేరుకుని చేపగుడ్లకు ఊపిరాడనివ్వదు.

ఇక ఐదోది. మొదటి సంగతి, తవ్వకం ఉంటుంది. రెండు చివర్లా గుంతలుంటాయి. మన దారికి అడ్డంగా ఇంకో లైను ఉన్న ప్రతిచోటా నీటిజెట్‌తో మట్టి కరిగించి, పీల్చి, ఆ లైను బయటపడేదాకా చిన్న గుంత చేయాలి. తల దాన్ని తగలకుండా దాటడం కళ్లతో చూడాలి. మట్టిపైపు, ప్లాస్టిక్ పైపు లొకేటర్‌కి వాటంతట అవి కనిపించవు. తల మురుగు పైపును చీల్చుకుని పోయినా పైన మెషిన్ దగ్గర ఏమీ తెలీకపోవచ్చు. ఆ రంధ్రంలోంచే గ్యాస్ పైపు వేసేస్తే దాన్ని క్రాస్ బోర్ అంటారు.

ఆ రోజు ఏమీ కాదు. గ్యాస్ లీక్ అవదు, మురుగు నీళ్లూ పోతుంటాయి. నెలలకో ఏళ్లకో ఆ అడ్డు దగ్గర చెత్త పట్టుకుని డ్రైన్ మూసుకుపోతుంది. క్లీన్ చేయడానికి వచ్చినతను తిరిగే బ్లేడున్న కేబుల్ లోపలికి పంపుతాడు. ఏదో గట్టిగా తగులుతుంది. చెట్టు వేరనుకుని కోసేస్తాడు. తెగిన పైపులోంచి గ్యాస్ మురుగు పైపు వెంబడే ఇంట్లోకి ఎక్కుతుంది. 1976లో అమెరికాలోని కెనోషాలో ఇలాగే ఒక ఇల్లు పేలి ఇద్దరు చనిపోయారు.

కాబట్టి గ్యాస్ లైను ఇలా వేసిన వీధిలో మీ డ్రైన్ మూసుకుపోతే, బ్లేడు పెట్టనివ్వకండి. ముందు కెమెరా పంపి చూడమనండి. ఇంట్లో గ్యాస్ వాసన వచ్చినా, టాయిలెట్ నీళ్లలో బుడగలు లేచినా, లైట్ స్విచ్ ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేయండి. ఫోన్ కూడా బయట, దూరంగా నిలబడి చేయండి.