గేటు దాటకుండానే బడి నాణ్యత తేల్చే విధానం

సర్కారు ప్రాథమిక పాఠశాల బాగుందో లేదో తేల్చడం పెద్ద బాధ్యత. ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్లు ముందుగా పాటించాల్సిన నియమం ఒకటుంది: ఎట్టి పరిస్థితుల్లోనూ తరగతి గదిలోకి అడుగు పెట్టకూడదు. లోపల పిల్లలుంటారు. వాళ్లు మాట్లాడతారు, ప్రశ్నలడుగుతారు, ఏదో ఒకటి అని మనం ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని పాడుచేస్తారు. బయటి నుంచి కనిపించేవి మనకు చాలు. గోడకు వేసిన రంగు, బోర్డు మీద అక్షరాల సైజు, ప్రహరీ ఎత్తు, గేటు దగ్గర నిలబడ్డ మిగతా తల్లిదండ్రుల చెప్పులు. ఈ చివరిదాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు గానీ, సగం మార్కులు పడేది దానికే. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

గేటు దాకా వెళ్లే తీరిక కూడా లేనివాళ్ల కోసం ఇంగ్లండు ఒక సౌకర్యం కల్పించింది. 1992లో పుట్టిన ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ బడంతా చూసి, చివరికి ఒక్క ముక్కలో తీర్పు చెప్పేసేది: అత్యుత్తమం, మంచిది, మెరుగుపడాలి, పనికిరాదు. చదువు, లెక్కలు, క్రమశిక్షణ, పిల్లల భద్రత అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోవాలి. 2012 నుంచి ‘అత్యుత్తమం’ అనిపించుకున్న బడులకు మామూలు తనిఖీ నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. బాగుందని తేలిన బడిని మళ్లీ చూడటం దేనికి, టైం వేస్టు! కొన్ని బడుల వైపు పదేళ్లు దాటినా ఎవరూ వెళ్లలేదు. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు మీసాలొచ్చి కాలేజీ బాట పట్టినా అత్యుత్తమం మాత్రం అత్యుత్తమంగానే ఉండిపోయింది. 2020లో మినహాయింపు ఎత్తేసి వెళ్లి చూస్తే, చాలా బడులకు ఆ బిరుదు ఊడిపోయింది. 2024 సెప్టెంబరులో సర్కారు బడులకు ఆ ఒక్క ముక్క తీర్పునే రద్దు చేశారు. పాపం అక్కడి తల్లిదండ్రులు ఇప్పుడు నివేదిక చదవాల్సి వస్తోంది.

నిజానికి ఇంగ్లండుకు ఈ విద్యలో చాలా అనుభవం ఉంది. పన్నుల సొమ్ము పోస్తున్నాం కదా, ఫలితమేదీ అని 1862లోనే రాబర్ట్ లో అనే నాయకుడు నిలదీశాడు. అడగాల్సిన ప్రశ్నే. దానికాయన కనిపెట్టిన జవాబు ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఒక్కో పిల్లవాణ్ణి నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. తప్పిన ప్రతి సబ్జెక్టుకూ బడికిచ్చే గ్రాంటులో కోత పడుతుంది. ఇక చూడండి, బడులు ఎంత చురుగ్గా మారిపోయాయో! గ్రాంటు రాని చరిత్ర, భూగోళం మూలన పడ్డాయి. వాచకాన్ని పిల్లలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా కంఠస్థం చేశారు. ఇన్‌స్పెక్టరు ఎదుట పుస్తకం తెరుచుకుని, అందులో ఉన్నదాన్ని అప్పజెప్పేశారు. అదే పిల్లవాడికి ఇంకో పుస్తకం ఇస్తే? ఆ ప్రశ్న గ్రాంటు నిబంధనల్లో లేదు.

కవిగా పేరు మోసిన మాథ్యూ ఆర్నాల్డ్ ఆ రోజుల్లో స్కూలు ఇన్‌స్పెక్టరుగా పనిచేసేవాడు. చదవడం, రాయడం, లెక్కలు నిజంగా రాకుండానే పిల్లల్ని ఈ పరీక్షలో గట్టెక్కించవచ్చని ఆయన తన నివేదికలో మొత్తుకున్నాడు. కవుల మాట ఖజానా ఎప్పుడు విన్నది గనక! ఆ పద్ధతి 1890ల దాకా సాగింది.

అమెరికావాళ్లు ఇలాంటి అరకొర పనులతో సరిపెట్టుకునే రకం కాదు. ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ పేరుతో వాళ్లు తెచ్చిన చట్టం మీద 2002 జనవరిలో అధ్యక్షుడి సంతకం పడింది. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటేటా చదవడంలో, లెక్కల్లో పరీక్షలు పెట్టాలి. 2014 కల్లా నూటికి నూరు మంది పిల్లలు నిర్ణీత స్థాయికి చేరుకోవాలి. తొంభై తొమ్మిది మంది అయితే చట్టం ఒప్పుకోదు. ఇంత స్పష్టంగా శాసించాక చదువు రాకుండా ఎక్కడికి పోతుంది? 2014 వచ్చింది, వెళ్లిపోయింది. పిల్లలు మూకుమ్మడిగా చట్టాన్ని ఉల్లంఘించారు. 2015 డిసెంబరులో పిల్లల్ని వదిలేసి చట్టాన్నే మార్చారు.

ఆ మధ్యకాలంలో టీచర్లకు మాత్రం లెక్కలు బాగా వచ్చాయి. పాసు గీత దాటినవాళ్ల శాతమే బడి నాణ్యత అయినప్పుడు, తరగతిలో మూడు రకాల పిల్లలుంటారు. ఎలాగూ పాసయ్యేవాళ్లు మొదటి రకం, వాళ్లతో పనిలేదు. ఎంత చెప్పినా ఈ ఏడాది పాసవ్వనివాళ్లు రెండో రకం, వాళ్లతోనూ పనిలేదు. గీతకు రెండు మార్కుల కింద వేలాడుతున్నవాళ్లు మూడో రకం. ప్రత్యేక తరగతులు, టీచరు పలకరింపులు, భుజం తట్టడాలు అన్నీ వీళ్లకే. అక్షరాలే సరిగా రాని పిల్ల ఏడాదంతా కష్టపడి కూడబలుక్కుని చదివే స్థాయికి వచ్చిందనుకోండి, బడి మార్కుల్లో దాని విలువ సున్నా. అప్పటికే చక్కగా చదివే పిల్లవాడు ఏడాదంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడనుకోండి, వాడు నిలువెత్తు విజయం.

గీతకు కింద మిగిలిపోయినవాళ్ల కోసం రబ్బరు ఉండనే ఉంది. అట్లాంటా నగరంలో 2009 నాటి పరీక్ష పత్రాలు చూసినవాళ్లకు ఒక విచిత్రం కనిపించింది. తప్పు జవాబులు చెరిపి ఒప్పు జవాబులు దిద్దిన గుర్తులు లెక్కకు మించి ఉన్నాయి. పిల్లలకు అంత ఆత్మపరిశీలన ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తే, పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగిందనీ, 178 మంది టీచర్లు, ప్రిన్సిపాళ్లకు అందులో పాత్ర ఉందనీ 2011లో విచారణ తేల్చింది. 2015లో 11 మందికి కోర్టులో నేరం రుజువైంది. ఈ గొడవ బయటపడకముందు, అదే 2009లో, ఆ నగర విద్యాధికారికి దేశంలోకెల్లా ఉత్తమ అధికారిగా అవార్డు వచ్చింది. తప్పు పట్టడానికేముంది? అంకెలు అలా ఉన్నాయి మరి. ఏ అంకెను నమ్ముకుని నిర్ణయాలు తీసుకుంటామో ఆ అంకే చెడిపోతుందని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లోనే చెప్పాడు. ఆయన మాట ఎంత నిజమో కూడా అంకెల్లోనే తేలింది.

చిన్న బడిని వెతుక్కోమని సలహా ఇచ్చే పెద్దలూ ఉన్నారు. జాబితాలో పైనున్నవి చిన్న బడులేనట. నిజమే. నార్త్ కరోలినా బడుల మార్కులు పరిశీలించినప్పుడు పైవరసలో చిన్న బడులే ఎక్కువ తేలాయి. అట్టడుగు వరసలోనూ అవే తేలాయి. తరగతికి పదిహేను మందే ఉంటే, ఒక ఏడాది ఇద్దరు చురుకైన పిల్లలు చేరినా, పరీక్ష రోజు ఇద్దరికి జ్వరం వచ్చినా బడి తలరాత మారిపోతుంది. అంటే మనం ర్యాంకు ఇచ్చేది జ్వరానికి.

ఫిన్లండ్ సంగతి ఎత్తకపోతే విద్యా వ్యాసానికి పరువుండదు కాబట్టి ఎత్తుతున్నాను. ఆ దేశం 1990ల మొదట్లోనే బడుల తనిఖీ వ్యవస్థను తీసేసింది. చిన్నపిల్లలకు దేశమంతటా ఒకే పరీక్ష పెట్టి బడులకు ర్యాంకులివ్వడం అక్కడ లేదు. 2000లో పీసా అనే అంతర్జాతీయ పరీక్ష పెడితే, చదవడంలో ఆ దేశపు పిల్లలు మొదటి స్థానంలో నిలిచారు. దాంతో దేశదేశాల ప్రతినిధులు సూట్‌కేసులు సర్దుకుని వెళ్లి, ర్యాంకులు లేని బడుల్ని కళ్లారా చూశారు. ఇంటికొచ్చాక, తర్వాతి పీసాలో తమ ర్యాంకు ఎంతో ఆత్రంగా వెతుక్కున్నారు.

ఇక చెప్పుల దగ్గరికి వద్దాం.

1966లో అమెరికా ప్రభుత్వం తరఫున జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆయన బృందం 6 లక్షల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి పెద్ద నివేదిక ఇచ్చారు. బడి భవనం, లైబ్రరీ, ఖర్చు వగైరాల్లో తేడాల వల్లే పిల్లల మార్కుల్లో తేడా వస్తోందని తేలుతుందని అందరూ ఎదురుచూశారు. తేలింది వేరు. ఆ తేడాలో చాలా భాగం పిల్లలు ఏ ఇంటి నుంచి వస్తున్నారన్న దాన్ని బట్టి ఉంది. పక్కన కూర్చునే పిల్లలు ఏ ఇళ్ల నుంచి వస్తున్నారన్నది కూడా లెక్కకొచ్చింది. దాని మీద పండితులు నేటికీ తగువులాడుతూనే ఉన్నారు గానీ, తల్లిదండ్రులు తగువు లేకుండా ఎప్పుడో అర్థం చేసుకున్నారు. మసాచుసెట్స్‌లో బడి సరిహద్దు గీతకు అటూ ఇటూ ఉన్న ఇళ్లను పోల్చి చూసిన అధ్యయనం ఒకటి 1999లో అచ్చయింది. మార్కులు 5 శాతం ఎక్కువుంటే, ఆ బడి వైపున్న ఇంటికి జనం దాదాపు 2.5 శాతం ఎక్కువ పెడుతున్నారని అందులో తేలింది. అలా పెట్టగలిగినవాళ్లే అక్కడికి చేరతారు. వాళ్ల పిల్లలు ఇంట్లో కథల పుస్తకాలు చదివి, నిద్రపోయి, కడుపునిండా తిని బడికొస్తారు. మార్కులు పెరుగుతాయి. బడి బాగుపడిందని పేరొస్తుంది. ఇళ్ల రేట్లు ఇంకాస్త పెరుగుతాయి. ఈ మొత్తం వ్యవహారంలో టీచర్లు కొత్తగా ఏమీ చేయనక్కర్లేదు.

అందుకే అంటున్నాను, మంచి బడి అంటే మంచి స్థితిలో ఉన్న ఇళ్ల పిల్లలు వచ్చే బడి. పైకి మాత్రం ‘వాతావరణం బాగుంది’ అంటాం.

ఈ మాట నచ్చక, నిబంధన మీరి లోపలికి వెళ్లి చూసొచ్చేవాళ్లు అక్కడక్కడా ఉంటారు. వాళ్ల పరిస్థితి ఏమవుతుందో హెచ్చరించడం నా ధర్మం. రెండో తరగతిలో ఒక పిల్లకు, తను ఎప్పుడూ చూడని కథ ఇచ్చి చదవమనాలనిపిస్తుంది. ఆ పిల్ల ఏదో ఒత్తు దగ్గర ఆగిపోతే టీచరు ఏం చేస్తారో చూడాలనిపిస్తుంది. తనే అందించేస్తారా, కాసేపు ఆగి ఆ అక్షరాన్నే చూపిస్తారా, ‘పక్కవాణ్ణి చూసి నేర్చుకో’ అంటారా? ఏడు ఎనిమిదులు యాభై నాలుగు అన్నవాణ్ణి కూర్చోబెట్టేస్తారా, ‘ఎలా వచ్చిందిరా?’ అని అడుగుతారా? చివరి వరసలో కూర్చున్న పిల్లవాడి పేరు తడుముకోకుండా వస్తుందా? నాలుగు రోజులుగా రాని పిల్ల కోసం ఎవరైనా కబురు పెట్టారా? ఇవన్నీ చూశాక ఆ మనిషి ఇక ర్యాంకులకు పనికిరాడు. అడిగితే ‘రెండో తరగతి టీచరు చాలా బాగా చెబుతున్నారు, నాలుగో తరగతిలో మాత్రం గదిలో నలభై ఐదు మందిని కుక్కారు’ లాంటి మాటలు చెబుతాడు. ఇంత పొడుగు వాక్యాన్ని వాట్సాప్ గ్రూపులో ఎవరు చదువుతారు? వాళ్లకు కావాల్సింది పదికి ఎన్ని అనే.

పుస్తకాల బీరువా దగ్గర ఇంకా ప్రమాదం. తనిఖీకి వెళ్లే పెద్దమనిషి మెరిసే అట్టలు చూసి మార్కులు వేస్తాడు. అట్ట ఊడి, మూలలు మడతపడి, మధ్యలో ఎవరో పెన్సిలుతో మీసాలు గీసిన పుస్తకాలుంటే మార్కులు కోసేస్తాడు. ఈ లెక్కన పిల్లల చెయ్యి పడకుండా బీరువాకు తాళం వేసే బడే ఎప్పుడూ ఫస్టు. లోపలికి వెళ్లినవాడు మాత్రం ఆ మీసాల పుస్తకం చూసి అనవసరంగా సంతోషపడి వస్తాడు.

కాబట్టి ఈ సందిగ్ధాలన్నీ తొలగించే ఒక ప్రతిపాదన ప్రజల ముందు పెడుతున్నాను. ఎలాగూ మనం కొలుస్తున్నది తల్లిదండ్రుల్నే కాబట్టి, నాటకం మానేసి నేరుగా వాళ్లకే పరీక్ష పెడదాం. ఏడేళ్ల పిల్లల్ని మధ్యవర్తులుగా వాడుకోవడం దేనికి? తల్లిదండ్రులు గేటు దగ్గర వరసలో నిలబడాలి. చదువు, ఆదాయం, ఇంట్లో పుస్తకాల సంఖ్య, రాత్రి పిల్లలకు కథ చెప్పే తీరిక, అన్నిటికీ మార్కులుంటాయి. సగటు తీసి బోర్డు మీద రాస్తారు. పాసు గీతకు రెండు మార్కులు తక్కువ వచ్చినవాళ్లకు సాయంత్రం ప్రత్యేక తరగతులు పెడతారు. బాగా తక్కువ వచ్చినవాళ్లు, బడి పరువు దృష్ట్యా, పరీక్ష రోజున సెలవు పెట్టుకుంటే మంచిది. రబ్బర్లు అనుమతించబడవు.

నమూనా ప్రశ్నపత్రం కొందరు బాధ్యతగల తల్లిదండ్రులకు చూపించాను. ఆదాయం ప్రశ్నకు అభ్యంతరం లేదన్నారు. పుస్తకాల సంఖ్య ఉజ్జాయింపుగా చెప్పనిస్తే చాలన్నారు. ‘మీ అబ్బాయికి చదువు చెబుతున్న టీచరు పేరేమిటి?’ అన్న మూడో ప్రశ్న దగ్గర మాత్రం గొడవైంది. ఇది సిలబస్‌లో లేదు, టెన్షన్ పెట్టడానికే ఇచ్చారు, ఇలాంటి ప్రశ్నకు రెండు మార్కులా అని నిలదీశారు. ప్రజాభిప్రాయాన్ని గౌరవించి దాన్ని తొలగించాం. దాని బదులు గేటు రంగు అడుగుతున్నాం.