ఖాళీగనే ఉంటవు గదా!

మా వదినె ఇప్పుడే మిర్యాలగూడ బస్సెక్కింది. ఆమె ఇచ్చిపోయిన ఐదువందల నోటు టీవీ రిమోట్ కింద అట్లనే ఉన్నది, నేను ముట్టలే. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది. మాడితే మాడనియ్యి. ఇది రాసి పెట్టేదాంక నాకు ముద్ద దిగదు.

అయ్యింది ఏం పెద్ద సంగతి గాదు. మొన్ననే పూర్తయిన నా క్రోషే దుప్పటి, కొక్కెం సూదితోని అల్లింది, దివాన్ మీద పరిచిన. పసుపు, నారింజ, నెమలిపింఛం రంగు, రాణి రంగు, అన్ని చదరాలకు చివరి వరుస మాత్రం మీగడ రంగు. వదినె చాయ తాగి, దుప్పటి అంచు రెండు వేళ్ళ నడుమ పట్టుకొని, బట్టల దుకాణంల కొంగు చూసినట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "మంచిగున్నదే, ఎంతకు కొన్నవ్?" అన్నది. నేనే అల్లిన వదినె అన్న. అంతే, మొఖంల ఉన్న మెచ్చుకోలు అక్కడికక్కడ దిగిపోయింది. కొన్నదైతే వస్తువు, అల్లిందైతే కాలక్షేపం! "అట్లనా! అయితే మా చిన్నకోడలి శ్రీమంతానికి ఇట్లాంటిదే ఒకటి అల్లియ్యి. నువ్వెట్లా ఖాళీగనే ఉంటవు గదా" అని పర్సు తీసి ఐదువందలు టీవీ రిమోట్ కింద పెట్టింది. ఊలు పైసలంట. "నీకేం కష్టం, టీవీ చూసుకుంట అల్లుతవు" అని పైనుంచి సర్టిఫికెట్ కూడా.

ఖాళీ! పొద్దుగాల నల్లాకు నీళ్ళొచ్చే టైంకు లేచి, బిందెలు నింపి, వాకిలి ఊడ్చి, ఒకలకు ఉప్మా, ఉప్మా అంటే మొఖం తిప్పేటోనికి దోశె, షుగరున్న మామయ్యకు జొన్నరొట్టె చేసి, డబ్బాలు కట్టి, మామయ్య గోళీలు లెక్కవెట్టి ఇచ్చి, బట్టలు ఆరేసి... ఇదంతా ఖాళీ. మా ఆయన ఆఫీసుల ఏసీ కింద కూసొని మధ్యాహ్నం గంటసేపు చాయకు పోతే అది డ్యూటీ.

ఆ దుప్పటి లెక్క ఒక్కసారి చెప్త, తెలిసినోళ్ళు క్షమించుండ్రి. నాలుగు చైన్లు, అంటే గొలుసు కుట్లు, వేసి రింగు కలపాలె. రింగులకెల్లి మూడు ట్రెబుళ్ళు, అంటే పొడుగు కుట్లు, ఒక గుత్తి, మూలకు రెండు చైన్లు, మళ్ళ మూడు, మళ్ళ రెండు చైన్లు. నాలుగు గుత్తులు, నాలుగు మూలలు అయితే మొదటి వరుస. అంటే 12 ట్రెబుళ్ళు. రెండో వరుసకు 24, మూడోదానికి 36, నాలుగోదానికి 48, ఐదోదానికి 60. ఒక్క చదరానికి 180. నా దుప్పటికి పొడుగు 12, వెడల్పు 9, మొత్తం 108 చదరాలు. గుణకారం చేసుకోండ్రి: 19,440 ట్రెబుళ్ళు. నడుమ చైన్లు లెక్కల లేవు. ఒక్క మూలకాడ రెండు చైన్లు వేసుడు మర్చిపోయినా చదరం అప్పడం కాల్చినట్టు ముడుచుకుంటది. అది కూడా రెండు వరుసలు దాటినంక గాని కనవడదు. అప్పుడు ఏడ్చుకుంట ఊడదీయాలె.

సరే, అల్లిక అంటే నాకు ఇష్టమే, కష్టమని అంటలే. కష్టం కొసలది. ప్రతి వరుసకు రంగు మారుస్తే ఒక్కో రంగుకు రెండు కొసలు మిగులుతయి, మొదటిది, చివరిది. ఒక చదరానికి పది. మొత్తం 1,080 దారపు కొసలు. ప్రతి ఒక్కదాన్ని పెద్ద సూదిల ఎక్కించి, అదే రంగు కుట్ల కిందికెల్లి ఒకసారి అటు, మళ్ళ ఎనుకకు ఇటు తీసి దాయాలె. బద్ధకానికి కత్తెరతోని కట్ చేసినవా, రెండో ఉతుకుకు ఊడొస్తది. ఈ కొసలు దాసేటప్పుడు టీవీల ఏమొస్తుందో ఎవలికి కనవడతది? తలకాయ ఎత్తితే గదా!

అన్నట్టు కింద పోర్షన్ల అంకుల్ కూడా ఒక మాట అన్నడు. "నల్లగొండల ఊలు దుప్పటేందమ్మా, మే నెలల మనమే ఉడికిపోతం." చాలా తెలివి. అదే అంకుల్ ఎండకాలంల ఏసీ 18కి పెట్టి, రెండు రగ్గులు కప్పుకొని పండుకుంటడు, కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని లైన్‌మన్‌ను పట్టుకొని కొట్లాడుతడు. ఊలు అని పేరే గాని ఇది యాక్రిలిక్, గొర్రె ముఖం చూడని దారం. నిజమైన ఊలు కావాలంటే పాలమూరు దిక్కు కురుమలు నేసే గొంగడి ఉన్నది. నల్లగొర్రెల ఊలు వడికి, పడుగుకు చింతగింజల గంజి పెట్టి నేస్తరు. ఆ ఎండల్ల గొర్లకాపరి దాన్నే భుజం మీద ఏసుకొని తిరుగుతడు. ఆయనకు ఎవ్వరు చెప్పరు, ఎండకాలం గదా గొంగడెందుకు అని. మనకే చెప్తరు.

ఏడున్న? ఆ, పైసలు. వదినె పోయేముందు ఫోన్ల ఒక ఫోటో సూపెట్టింది. "ఇగో, ఆన్‌లైన్‌ల 799కే ఉన్నది, మిషన్ మీద చేస్తరు" అని. వదినె, స్వెటర్ల అల్లికకు మిషన్లున్నయి, ఒప్పుకుంట. క్రోషేకు లేదు. కొక్కెం సూది ఒక్కో కుట్టును పూర్తిచేసుకుంట ఏ దిక్కంటే ఆ దిక్కు పోతది, అట్ల అల్లే మిషన్ ఇంకా బజార్లకు రాలే. ఆ ఫోటోలది గుడ్డ మీద బొమ్మ అచ్చేసింది గాకుంటే, అది కూడా ఏడనో ఒకామె చేతుల్ల నుంచి వచ్చిందే. 799ల ఆ వెబ్‌సైటోని వాటా, కొరియరోని వాటా పోయినంక ఆమెకెంత ముట్టిందో నాకైతే లెక్క తెలుస్తలేదు. ఆమెను కూడా ఎవలో అనే ఉంటరు, ఖాళీగనే ఉంటవు గదా అని. నర్సాపురం దిక్కు ఆడోళ్ళు లేసు అల్లుతరు, దేశాలు దాటి పోతది, జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి పని అని సర్కారు వేసే ముద్ర, అది కూడా వచ్చింది. వాళ్ళిండ్లల్ల ఏమంటరో అడుగుండ్రి.

అయినా మన జిల్లాల, పాత నల్లగొండ జిల్లా అంటున్న, చదరం విలువ తెల్వని మనుషులా? పుట్టపాకల తేలియా రుమాలు నేస్తరు. ఆముదం కాయల బూడిదల, నూనెల నూలు నానబెట్టి, చిటికి కట్టి, అంటే రంగు అంటకుండ దారానికి ముడులేసి, ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడు రంగులల్లనే గళ్ళు గళ్ళుగ ఎంత పని! 2020ల దానికి జీఐ వచ్చింది. ఇదే వదినె పోయినేడు పోచంపల్లి చీర కొనబోయి, దుకాణమాయన ఆరువేలంటే పద్నాలుగు వందలకు అడిగింది. నేను పక్కకు జరిగి, నాకేం సంబంధం లేనట్టు జాకెట్ ముక్కలు చూసుకుంట నిలవడ్డ.

ఆలేరు కాడ శారాజీపేట చింతకింది మల్లేశం గారి సంగతి మనందరికి తెలుసు. ఒక్క చీర ఆసు పోయాలంటే, అంటే నేసే ముందు నూలును మొలల చుట్టు తిప్పాలంటే, చెయ్యి వేలసార్లు అటు ఇటు తిరగాలె. వాళ్ళమ్మ భుజాల నొప్పి చూడలేక ఆయన ఆసు యంత్రం చేసిండు, 2017ల పద్మశ్రీ వచ్చింది. దండం పెట్టాలె ఆయనకు. కాని నేను అడిగేదేందంటే, అంతకుముందు ఎన్ని తరాల ఆడోళ్ళు ఆసు పోసిన్రు? వాళ్ళ చెయ్యి ఎన్నిసార్లు తిరిగిందని ఎవరన్న లెక్కపెట్టిన్రా? నాకు బొటనవేలు మొదట్ల పొద్దుగాల లేవంగనే గుంజుతది. నా కొడుకు కూడా నా చెయ్యి దిక్కు చూస్తడు. "అమ్మా, ఆ చేతుల ఉన్నది నా ఛార్జరేనా?" అంటడు.

ఇగ అసలు మంట ఏందో చెప్త. ఈ ఐదువందలు గాదు.

నేను అల్లిన ఈ చదరాన్నే గ్రానీ స్క్వేర్ అంటరు, ఇది కొత్త ఫ్యాషన్ గాదు. 1885ల అమెరికాల రైతుల పత్రికల దీని లెక్క అచ్చయింది, మిగిలిపోయిన ఊలు ముక్కలు పారెయ్యకుండ కలుపుకునేతందుకు. గ్రానీ అంటే అమ్మమ్మ. అంటే బొంతనే గదా! మన అమ్మమ్మలు పాత చీరెలతోని చేసింది అదే. మా అమ్మది నారాయణపేట దిక్కు. నా పెండ్లికి బంగారం పెద్దగ పెట్టలేకపోయింది గాని ఒక బొంత కుట్టిచ్చింది. లోపట ఆమె పెండ్లినాటి నారాయణపేట చీర, చిన్న గడులది, ఎర్రంచుది. మీద నా చిన్నప్పటి లంగాల ముక్కలు, నాయిన పంచె. దబ్బనంతోని అంచుకాడ మొదలువెట్టి చదరం లోపట చదరం, చదరం లోపట చదరం కుట్టుకుంట నడిమికి తెచ్చింది. నడిమిట్ల ఇంత పసుపు గుడ్డ ముక్క. కండ్లద్దాలు లేకుంట కుట్టింది.

అమ్మ పోయిన ఏడాదికి సంవత్సరీకమని మేము నారాయణపేటకు పోయినం. నాలుగు రోజులు మామయ్యను చూసుకునేతందుకు వదినె వచ్చి ఉన్నది. నేను తిరిగొచ్చేసరికి ఇల్లంతా తళతళ. అటక సదిరింది. "పాత గుడ్డలన్ని తీసేసిన పిల్లా, గిన్నెలామె వస్తే ఇచ్చి మంచి స్టీలు తాంబాలం తీసుకున్న, చూడు ఎంత బరువున్నదో" అన్నది. అటక మీద బొంత లేదు.

నేను ఏమనలే. ఆ రోజు ఏమనలే అన్నదే నాకు ఇప్పటిదాంక తిప్పల. మా ఆయన మాత్రం "పాత బొంతనే గదా, ఇంకోటి కుట్టుకో, ఖాళీగనే ఉంటవు" అన్నడు. ఆ మాట ముందు ఎవరు మొదలువెట్టిన్రో ఇప్పుడు అర్థమైందా? అక్కాతమ్ముళ్ళిద్దరిది ఒకటే నోరు. ఊరు మొత్తం తిరిగిన నేను, పాత బట్టలు కొనేటోళ్ళ మూటలు విప్పించి చూసిన, క్లాక్ టవర్ కాడ, ప్రకాశం బజార్ల. దొరుకుతదా! ఆ తాంబాలం ఇప్పటికీ మా ఇంట్లనే ఉన్నది. అవును, బరువే. ఇయ్యాల వదినెకు చాయ దాంట్లనే పెట్టిచ్చిన. గుర్తుపట్టలే.

ఈ దుప్పటి నడిమి చదరాలు మొత్తం పసుపుతోని ఎందుకు మొదలువెట్టిన్నో మా ఇంట్ల ఎవ్వరు అడగలే.

ఇది రాస్తుంటనే వదినె బస్సులకెల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. "పిల్లా, ఆకుపచ్చ వద్దు, కోడలికి నచ్చదు. గులాబీ రంగు ఎక్కువ వెయ్యి. పెద్దగనే అల్లు, వాళ్ళు కూడా కప్పుకుంటరు. తొందరేం లేదు, ఇంకా రెండు నెలలున్నది." వెనుకకెల్లి కండక్టర్ టికెట్ టికెట్ అంటున్నడు.

ఇగ నేను కూడా టైప్ చేసిన. చదరానికి 25 నిమిషాల లెక్కన 108కి 45 గంటలు. కొసలు దాసుడు, చదరాలు అతుకుడు, చుట్టు బార్డరు ఇంకో 20 గంటలు. మొత్తం 65, అంటే ఎనిమిది రోజుల కూలి. రోజుకు 500 ఏసిన, పనితనానికి పైస ఏస్కోలే, పక్కింట్ల గోడ కట్టేకాడ ఇటుకలు మోసే ఆమెకు ఇచ్చేదే ఏసిన. 4,000. ఊలు దగ్గరదగ్గర కిలో, 1,200. మొత్తం 5,200. అడ్వాన్సు 500 ముట్టినది, బాకీ 4,700. కింద దండం బొమ్మ పెట్టి పంపిన.

నీలం టిక్కులు పడ్డయి. జవాబు లేదు.

పప్పు మాడిన వాసనొస్తున్నది. లోపట మా ఆయన ఫోన్ మోగుతున్నది. "ఆ, అక్కా, చెప్పు" అంటున్నడు.