ఖాళీ చేయని అద్దెదారు

గొట్టాల్లో నీరు కూడా గడ్డకట్టేంత చలి ఉండే చోట్ల, చలికాలం నాలుగు నెలలూ ఇంటికి తాళం వేసి వెళ్లేవారి జాగ్రత్తలు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. తలుపుకు రెండు తాళాలు. కిటికీలన్నిటికీ గడియలు, ఆ గడియలు పడ్డాయో లేదో చూడడానికి ఇల్లంతా మరో ప్రదక్షిణ. లోపల మనుషులున్నారని దొంగను నమ్మించడానికి సాయంత్రం ఆరింటికి తనంతట తాను వెలిగే దీపం. వీధి చివరిదాకా వెళ్లాక అనుమానం పీకితే వెనక్కి వచ్చి తాళం కప్పను ఇంకోసారి లాగి చూడడం. ఇంతా చేసి గుండె మీద చేయి వేసుకుని ఒక మాట అంటారు: "ఇల్లు ఖాళీగా ఉంది, ఇక భయం లేదు."

ఇల్లు ఖాళీగా లేదు. గోడల లోపల, నేల కింద, స్నానాలగది వెనుక, సింకు అడుగున ఒక అద్దెదారు సకుటుంబంగా కాపురం ఉన్నాడు. పైసా అద్దె కట్టడు. మీరు ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆయనగారంత బుద్ధిమంతుడు లేడు. కుళాయి తిప్పితే వస్తాడు, కట్టేస్తే ఆగుతాడు, ఎంత సన్నని గొట్టంలోనైనా సర్దుకుంటాడు. మీరు గడప దాటి, ఇల్లు చల్లబడిందని తెలిశాకే ఒళ్లు విరుచుకుంటాడు. ఆయన పేరు నీరు.

ఒళ్లు విరుచుకోవడం అన్నది అలంకారం కోసం వాడిన మాట కాదు. చల్లబడితే ముడుచుకోవడం లోకరీతి. నీరు కూడా 4 డిగ్రీల సెల్సియస్ దాకా ఆ మర్యాద పాటిస్తుంది. అక్కడి నుంచి బుద్ధి మారుతుంది. చల్లబడేకొద్దీ ఉబ్బడం మొదలుపెట్టి, గడ్డకట్టేసరికి సుమారు 9 శాతం ఎక్కువ చోటు కావాలని పట్టుబడుతుంది. తొమ్మిది శాతమే కదా అనకండి. వందమంది ఉన్న గదిలోకి ఇంకో తొమ్మిది మంది వస్తే మనుషులు జరిగి కూర్చుంటారు. రాగి గొట్టానికి జరగడం తెలియదు.

ఇనుమైతే తట్టుకుంటుందేమో అన్న ముచ్చట 1784–85 చలికాలంలోనే తీరిపోయింది. కెనడాలోని క్యుబెక్‌లో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే సైనికాధికారి, లోపల బోలుగా ఉండే ఇనుప ఫిరంగి గుండ్లను నీటితో నింపి, బిరడాలు దిగగొట్టి, ఆరుబయట చలికి వదిలేశాడు. బిరడాలు వందల అడుగుల దూరం ఎగిరిపడ్డాయి. బిరడా కదలనని మొండికేసిన చోట గుండే పగిలింది. మందు కూరకుండా ఫిరంగి గుండును పగలగొట్టగల ఆ పెద్దమనిషిని మనం గోడ వెనుక కూర్చోబెట్టి, ఆ గోడకు ముచ్చటైన రంగు వేయించి, నిశ్చింతగా ప్రయాణం కడుతున్నాం.

ఆయన దౌర్జన్యంలో ఒక పనితనం ఉంది. మంచు గట్టిన చోటే గొట్టం పగులుతుందని మనం అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. గొట్టం మధ్యలో ఎక్కడో మంచు బిరడాలా బిగుసుకుని పెరుగుతుంది. ఆ బిరడాకూ, మీరు బాధ్యతగా గట్టిగా కట్టేసిన కుళాయికీ మధ్య కొంత నీరు చిక్కుకుంటుంది. నీటిని నొక్కి కుదించడం దాదాపు అసాధ్యం కనుక ఒత్తిడి అంతా గొట్టం భరించాలి. చివరికి మంచు జాడే లేని చోట, మీరు క్షేమమని నమ్మిన చోట, అది నోరు తెరుస్తుంది. నేరం ఒకచోట, శవం మరోచోట. పగిలిన రోజున పెద్దగా కారదు కూడా, ఎగువన మంచే అడ్డుపడి ఉంటుంది. ఎండ కాసి, చలి సడలి, మనసుకు హాయిగా అనిపించే రోజున ఆ మంచు కరుగుతుంది. సాక్ష్యం మాయమై, దాని వెనుక వీధి గొట్టం ఇంట్లోకి నడిచి వస్తుంది. ఎవరో ఒకరు గమనించేదాకా వస్తూనే ఉంటుంది. వెలిగే దీపాన్ని చూసి లోపల మనుషులున్నారని నమ్మిన పొరుగువాళ్లు గమనించరు.

ఈ విషయంలో గృహస్థులు మూడు మతాలుగా చీలి ఉన్నారు. మొదటిది గొంగడి మతం. గొట్టాలకు స్పాంజి తొడుగులు తొడిగితే మోక్షమని వీరి విశ్వాసం. గొంగడి వేడిని పుట్టించదు, ఉన్న వేడిని మెల్లగా పోనిస్తుంది, అంతే. మనిషి కప్పుకుంటే వెచ్చగా ఉండేది లోపల మనిషి ఉన్నాడు కనుక. రాయికి కప్పినా, నెలల తరబడి కదలని నీటికి కప్పినా ఫలితం ఒకటే: గడ్డకట్టడం ఇవాళ కాకుండా రేపు జరుగుతుంది. అటకల్లో, బయటి గోడల్లో తొడుగు లేని గొట్టాలకు మైనస్ 7 డిగ్రీల ప్రాంతంలో గండం మొదలవుతుందని ప్లంబర్లు ఒక లెక్క చెబుతారు. అది గొట్టం ఉన్న చోటును బట్టి మారుతుంది. గోడ సందులోంచి వచ్చే చలిగాలికి లెక్కలు రావు.

రెండోది హీటరు మతం. ఇంటిని 13 డిగ్రీల వద్ద వెచ్చగా ఉంచి వెళితే చాలంటారు. ఇది చెడ్డ మతం కాదు. అయితే వీరి దేవుడు కరెంటు. అర్ధరాత్రి మంచు తుపానులో తీగ తెగితే దేవుడికి కబురు పెట్టే పూజారి ఇంట్లో ఉండడు. మూడోది "మన ఇంటికి అలా జరగదు" మతం. అనుయాయుల సంఖ్యలో ఇదే పెద్దది. వీరితో వాదించకూడదు. ప్లంబర్లకు చలికాలపు జీవనోపాధి వీరే.

వేడినీటి గొట్టానికి ఏమీ కాదనే చిన్న శాఖ కూడా ఒకటుంది. మనుషులు లేని ఇంట్లో వేడినీటి గొట్టంలో ఉండేదీ చన్నీళ్లే. పైగా 1963లో టాంజానియా విద్యార్థి ఎరాస్టో ఎంపెంబా వేడిగా పెట్టిన ఐస్‌క్రీం మిశ్రమమే ముందు గడ్డకట్టిందని గమనించాడు. అది నిజమా కాదా అని శాస్త్రవేత్తలు ఇంకా తగువులాడుకుంటూనే ఉన్నారు. ఆ తగువు తేలేదాకా వేడినీటి గొట్టాన్ని నమ్మకపోవడం మంచిది.

కనుక నా ప్రతిపాదన సూటిగా ఉంటుంది: అద్దెదారును ఖాళీ చేయించండి. చుక్క మిగలకుండా, దయ లేకుండా.

ముందు నీళ్ల హీటరుకు కరెంటో గ్యాసో ఆపేయాలి. ఈ వరుస తప్పి, ముందు నీరు వదిలేసి తర్వాత స్విచ్చు గుర్తుచేసుకునే వారున్నారు. నీటిలో మునిగి ఉండాల్సిన కాయిల్ గాలిలో కాలి మసైపోతుంది. అద్దెదారు పోకముందే ఇల్లు తగలబెట్టుకున్నట్టు. తర్వాత రాకను ఆపాలి. ఇంట్లోకి వచ్చే గొట్టాన్ని వీధి దగ్గర, నేల గడ్డకట్టే లోతుకు దిగువన ఉండే వాల్వు వద్ద మూయడమే క్షేమం. వాకిట్లోనో చల్లటి గోడ మీదో ఉన్న వాల్వును మూసి మురిసిపోతే, ఆ వాల్వుకు ముందున్న గొట్టంలో ఆయనగారు దర్జాగా కూర్చునే ఉంటారు.

ఇక సాగనంపడం. అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి, పైవన్నీ మూసి ఉంచి, నీరు దిగడం లేదేమని విస్తుపోయే పెద్దలను నేను స్వయంగా చూశాను. స్ట్రా పై కొనను వేలితో మూస్తే లోపలి పానీయం కిందికి జారదని ప్రతి పిల్లవాడికీ తెలుసు. సొంత ఇల్లు కొనుక్కునే వయసు వచ్చేసరికి ఆ జ్ఞానం ఎలాగో ఆవిరైపోతుంది. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి వేడివీ చల్లవీ అన్ని కుళాయిలూ బార్లా తెరవాలి. గాలి పైనుంచి దిగితేనే నీరు కిందినుంచి పోతుంది. హీటరు అడుగున ఉన్న చిన్న కుళాయికి గొట్టం తగిలించి ఆ ట్యాంకునూ ఖాళీ చేయాలి. అది ఖాళీ అయ్యేదాకా పక్కన నిలబడి చూస్తే, కాలం ఎంత నెమ్మదిగా నడవగలదో తెలుస్తుంది.

ఇంత చేసినా ఆయన పూర్తిగా పోడు. వంగిన చోట్ల, సరిగ్గా వాలు లేని చోట్ల దాక్కుంటాడు. అందుకే తెలిసినవారు కంప్రెసర్ తెచ్చి గాలితో ఊదిస్తారు. ఇక్కడ ఉత్సాహం పనికిరాదు. గొట్టాలకు రోజూ అలవాటైన నీటి ఒత్తిడిని మించి ఊదితే, మంచు చేయాల్సిన పనిని మనమే ముందుగా పూర్తిచేసినవాళ్లమవుతాం. బట్టలు ఉతికే యంత్రం వాల్వులో, గిన్నెలు కడిగే యంత్రం అడుగున, ఫ్రిజ్‌లో మంచుముక్కలు చేసే అరకు వెళ్లే సన్నని గొట్టంలో, వేలాడే షవర్ మెడలో ఆయన బంధువులు మిగిలి ఉంటారు. వాళ్లను ఒక్కొక్కరినే పట్టుకోవాలి. కమోడ్ ట్యాంకును ఫ్లష్ చేశాక కూడా అడుగున గుక్కెడు నీరు ఉంటుంది. దాన్ని స్పాంజితో తుడవాలి. ఇంటి యజమాని అన్న హోదా మనిషిని ఎక్కడెక్కడ మోకాళ్ల మీద కూర్చోబెడుతుందో అప్పుడు అర్థమవుతుంది. మంటలార్పే స్ప్రింక్లర్ల గొట్టాలు ఉన్న ఇంట్లో మాత్రం వాటి జోలికి సొంతంగా వెళ్లకండి, ఆ పని తెలిసినవారిని పిలవండి.

ఒక్క నీటికి మాత్రం క్షమాభిక్ష పెట్టాలి. సింకు కింద గొట్టం వంపు తిరిగే చోట కాస్త నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. మురుగు కాలువ వాయువులు ఇంట్లోకి రాకుండా అడ్డంగా నిలబడ్డ కాపలావాడు అతడే. ఇలాంటి వంపుకు 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల తయారీదారు పేటెంటు తీసుకున్నాడు. నాగరికతకు పునాది వంటి గొప్ప ఆవిష్కరణల జాబితాలో దీని పేరు కనిపించదు, వాసన రానివాటిని ఎవరూ గుర్తుంచుకోరు. ఖాళీ చేయించే ఊపులో ఈ కాపలావాడినీ గెంటేస్తే కింది లోకం మొత్తం పైకి వస్తుంది. అలాగే ఉంచితే గడ్డకట్టి వంపును పగలగొడతాడు. కనుక గడ్డకట్టని పానీయం పట్టించి నిలబెట్టాలి. కమోడ్ గిన్నెలోనూ అదే పోయాలి, దాని లోపలా ఒక వంపు ఉంది. ఆ పానీయం ప్రొపిలిన్ గ్లైకాల్‌తో చేసిన, నీటి గొట్టాల కోసం అమ్మే యాంటీఫ్రీజ్ అయి ఉండాలి. కారు కోసం తెచ్చిన డబ్బాలో మిగిలింది కదా అని పోసే పొదుపరులకు ఒక మనవి: అందులో సాధారణంగా ఉండేది ఎథిలిన్ గ్లైకాల్. తియ్యగా ఉండే విషం అది.

బీమా ఉందిగా అని ధీమాగా ఉన్నవారు పాలసీ కాగితాన్ని ఒకసారి వెలుతురులో పెట్టి చదవాలి. ఇల్లు ఫలానా రోజులకు మించి ఖాళీగా ఉంటే, వేడి ఉంచడమో నీరు ఖాళీ చేయడమో చేసి ఉండాలనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ అక్షరాలు ఎందుకంత చిన్నవో తెలుసుకోవడానికి భూతద్దం కూడా కావాలి.

ఇంత సాధికారంగా రాస్తున్న నేను గత చలికాలం ఏం చేశానో కూడా చెప్పాలి. పైన చెప్పినవన్నీ చేశాను. మోకాళ్ల మీద కూర్చున్నాను, స్పాంజితో తుడిచాను, కంప్రెసర్‌తో ఊదాను. చివరగా తోట కుళాయికి వెళ్లే గొట్టం మీది బాల్ వాల్వు దగ్గరికి వచ్చి, ఇక ఎవరూ తిరిగి రాకూడదని దాని పిడిని గట్టిగా అడ్డంగా తిప్పి మూసేశాను. బాల్ వాల్వు లోపల ఒక లోహపు బంతి ఉంటుంది, ఆ బంతికి మధ్యలో రంధ్రం ఉంటుంది. మూసినప్పుడు ఆ రంధ్రంలో ఉన్న నీరు రెండు వైపులా గోడల మధ్య ఇరుక్కుపోతుంది. పిడిని సగానికి తిప్పి వదిలితే అది జారిపోయేది. నేను వదల్లేదు.

చలి తగ్గాక తిరిగి వచ్చాను. వీధి వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ, చెవి గోడకు ఆనించి విన్నాను. స్నానాలగది నిశ్శబ్దం. సింకు నిశ్శబ్దం. విజయగర్వంతో తోటలోకి నడిచాను. వాల్వు ఒంటి మీద వెంట్రుకవాసి చీలిక. అందులోంచి సన్నని ధార తిన్నగా వచ్చి నా చొక్కా మీద పడింది. నాలుగు నెలలు లోపల దాక్కున్నది చెంచాడు నీరు.

ముందు తలుపు తాళం మాత్రం చెక్కుచెదరలేదు. దీపం రోజూ ఆరింటికి వెలుగుతూనే ఉందట. దొంగలెవరూ రాలేదు.