చలికాలంలో దుడ్డెకు పాలు తగ్గించమంటున్న మెసేజ్ నమ్మకండి

ఈ వారంలో నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ వచ్చింది. చలికాలంలో దుడ్డెలు, అంటే బర్రె దూడలు, చావకుండా ఏం చేయాలో చెబుతూ అందులో ఏడు మాటలు రాశారు. మాయ పడేదాకా ముర్రుపాలు తాగించొద్దు. చలికి అరగదు కాబట్టి పాలు సగానికి తగ్గించాలి. నీళ్లు పెట్టొద్దు. కొట్టం సందు లేకుండా మూసి రాత్రంతా పొగ వేయాలి. మిరియాల కషాయం గొట్టంతో పట్టాలి. పారుకుంటే, అంటే విరేచనాలైతే, పాలు బంద్ చేయాలి. పొద్దున ఎండలో కట్టాలి.

మాది ఆదిలాబాద్ జిల్లా. డిసెంబరు, జనవరిల్లో రాత్రిపూట పది డిగ్రీల లోపుకు దిగడం మాకు మామూలే. బర్రెలు ఎక్కువగా ఈనేది కూడా వానకాలం చివరి నుంచి చలికాలం దాకానే. అంటే ఈ మెసేజ్ చదివేవాళ్లలో చాలామంది కొట్టాల్లో ఇప్పుడు నెల కూడా నిండని దుడ్డెలు ఉంటాయి. ఏడింటిలో ఆఖరిది ఒక్కటే సరైన మాట. మిగతా ఆరింటిలో ఏది పాటించినా దుడ్డెకు చేటే. మూడేళ్ల కింద మా ఇంట్లో ఒక పెయ్యదుడ్డె ఇలాంటి సలహా వినే పోయింది. అందుకే ఒక్కో మాటకు జవాబు రాస్తున్నాను.

"మాయ పడేదాకా ముర్రుపాలు తాగించొద్దు"

ఇది మెసేజ్‌లో పుట్టిన మాట కాదు, మన ఊళ్లలో తరాలుగా ఉన్నదే. ముందే తాగిస్తే తల్లికి మాయ పడదని, దుడ్డెకు అజీర్తి చేస్తుందని పెద్దవాళ్లు భయపడతారు. బర్రె మాయ వేయడానికి ఎనిమిది గంటలు పట్టొచ్చు, పన్నెండు గంటలూ పట్టొచ్చు. ఆలోగా దుడ్డెకు పోయేది మళ్లీ తిరిగి రాదు.

మనుషుల్లో తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి బిడ్డకు కడుపులో ఉండగానే చేరుతుంది. ఆవు, బర్రెల మాయ వేరుగా ఉంటుంది, అది దాన్ని దాటనివ్వదు. కాబట్టి దుడ్డె దాదాపు ఏ రక్షణా లేకుండా నేల మీద పడుతుంది. ఆ రక్షణంతా ముర్రుపాలలోనే ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు రక్తంలోకి పీల్చుకునే గుణం దుడ్డె పేగులకు మొదటి ఆరు గంటల్లో బాగా ఉంటుంది. తర్వాత తగ్గుతూ పోయి, 24 గంటలకు దాదాపు ఆగిపోతుంది. రాత్రి పదింటికి ఈనిన బర్రె తెల్లారి మాయ వేసిందనుకోండి, అప్పుడు ఎన్ని ముర్రుపాలు పోసినా ఆకలి తీరుతుంది గానీ రావలసిన రక్షణ చాలావరకు పోయినట్టే.

30 కిలోల ముర్రా జాతి దుడ్డెకు మొదటి రోజు మూడు లీటర్లు పడాలి. అందులో లీటరున్నర పుట్టిన రెండు గంటల్లోపే పడాలి. చలి రాత్రి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే తడి ఒంటితో వణికే దుడ్డెకు మొదటి వేడి ఆ పాలతోనే అందుతుంది. ఇక మాయ సంగతి. దుడ్డె పొదుగు చీకితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది. పాలు చేపించేది అదే, గర్భసంచి ముడుచుకునేలా చేసేదీ అదే. దుడ్డెను పొదుగుకు దూరంగా కట్టేసి మాయ కోసం ఎదురుచూడటమంటే, మాయ పడటానికి సాయం చేసేదాన్నే ఆపేయడం.

"చలికి అరగదు, పాలు సగం చేయండి"

నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించింది ఈ మాటే.

పెద్ద బర్రె చలికి ఎందుకు తట్టుకుంటుంది? దాని పెద్దపొట్టలో గడ్డి పులుస్తూ రాత్రంతా వేడి పుడుతూనే ఉంటుంది. దుడ్డెకు ఆ పొట్ట ఇంకా తయారు కాలేదు. ఒంట్లో కొవ్వు కూడా బరువులో రెండు నుంచి నాలుగు శాతమే. మూడు వారాల లోపు దూడకు 15 డిగ్రీల కింద నుంచే ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి అదనంగా శక్తి ఖర్చవుతుంది. మనం దుప్పటి కప్పుకుని హాయిగా పడుకునే రాత్రి, అది ఒంట్లో ఉన్నదంతా కరిగించుకుంటూ తెల్లారబెడుతుంది. ఆ వేడి పుట్టించేది పాలే.

మామూలు రోజుల్లో బరువులో పదో వంతు పాలు పోస్తాం. 30 కిలోల దుడ్డెకు మూడు లీటర్లు. చలి ముదిరితే దాని మీద అర లీటరు నుంచి లీటరు దాకా పెంచాలి. ఆ పెంచేది ఒక్కసారే గుమ్మరించకుండా రాత్రి పడుకునే ముందు మూడో పూటగా ఇవ్వాలి. పాలు అరగకపోవడానికి కారణం చలి కాదు. చల్లారిన పాలు, రోజుకో వేళకు పోయడం, సరిగా కడగని బకెట్ దుడ్డె పొట్ట చెడగొడతాయి. పాలు పిండినప్పటి వెచ్చదనంతో, అంటే 38, 39 డిగ్రీల మీద తాగాలి.

మా పెయ్యదుడ్డెకు పన్నెండో రోజు నుంచి పూటకు లీటరు చొప్పున రెండు పూటలకు తగ్గించాం. నాలుగో రోజు పొద్దున నేను కొట్టంలోకి పోయేసరికి గోడవారగా ముడుచుకుని ఉంది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. నోట్లో వేలు పెట్టాను. దుడ్డె నోట్లో వేలు పెడితే వెచ్చగా ఉండాలి, గట్టిగా చీకాలి. నా వేలికి లోపల చల్లగా తగిలింది, నాలుక కదల్లేదు. థర్మామీటర్ పెడితే 97 డిగ్రీల ఫారెన్‌హీట్. ఉండాల్సింది 101.5 నుంచి 102.5. మధ్యాహ్నానికి పోయింది. దానికి ఏ రోగమూ లేదు, మేమే ఆకలితో ఉంచాం.

మీ దుడ్డె నోరు ఇలా చల్లబడితే ముందు ఒళ్లు వెచ్చచేయండి. పొడి గోనెసంచితో రుద్ది, వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి డొక్కల పక్కన పెట్టండి. చీకడం మొదలుపెట్టాకే పాలు ఇవ్వండి. చీకలేని దానికి నోట్లో పాలు పోయకండి, పశువైద్య అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి.

"నీళ్లు పెట్టొద్దు"

పాలు తాగుతుంది కదా, నీళ్లెందుకని అనిపిస్తుంది. కానీ పశువు పొట్టలో నాలుగు గదులుంటాయి, పాలు నేరుగా నాలుగో దాంట్లోకి పోతాయి. నీళ్లు పెద్దపొట్టలోకి పోతాయి, అక్కడ దాణా పులిసి ఆ పొట్ట ఎదగాలంటే నీళ్లు కావాలి. పాలు తాగిన కాసేపటికి గోరువెచ్చని నీళ్లు పెట్టి, మిగిలినవి పారబోస్తే చాలు.

"కొట్టం మూసి పొగ వేయండి"

మా పక్క ఊళ్లో ఒకాయన మంచి మనసుతోనే కొట్టం నాలుగువైపులా టార్పాలిన్ కట్టి, లోపల పిడకలతో పొగ వేశాడు. తెల్లవారుజామున నేను లోపలికి పోతే నిలబడ్డంతసేపు ఫర్వాలేదు. దుడ్డె పక్కన గొంతుక్కూర్చుంటే మాత్రం కళ్లలోంచి నీళ్లు కారాయి. ఉచ్చ, పెండ నుంచి లేచే అమోనియా వాసన కింద అంత ఘాటుగా ఉంది. దుడ్డె రాత్రంతా ముక్కు పెట్టి పీల్చేది ఆ గాలినే. అమోనియా, పొగ రెండూ ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఇక న్యుమోనియా రావడం ఎంతసేపు? పైగా మూసిన కొట్టంలో ఊపిరి ఆవిరి రేకులకు పట్టి తిరిగి దూడల వీపుల మీదే పడుతుంది. తడిసిన వెంట్రుకలు చలిని ఆపవు.

చేయాల్సింది ఇది. గాలి వచ్చేవైపు దుడ్డె ఎత్తు దాకా గోనెపట్టాలు కట్టండి. పైన, కప్పు కింద, మూరెడు సందు వదిలేయండి. నేల మీద పొడి వరిగడ్డి మందంగా పరవండి, పడుకున్న దుడ్డె కాళ్లు గడ్డిలో కనపడకుండా మునిగిపోవాలి. దాని మీద మీరే మోకాళ్లు ఆనించి కాసేపు కూర్చుని చూడండి. లుంగీకి తడి అంటితే దుడ్డె పొట్టకూ అంటుతోందని లెక్క, ఆ గడ్డి మార్చేయాలి. ఒట్టి బండల మీద పడుకోబెట్టి పైన ఎన్ని దుప్పట్లు కప్పినా ఒంటి వేడిని కింద బండ లాగేస్తుంది.

"గొట్టంతో మిరియాల కషాయం"

వద్దు. తల పైకెత్తి వెదురు గొట్టంతో పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతే అది మందులకు కూడా లొంగని న్యుమోనియా అవుతుంది. కొందరు బ్రాందీ కూడా పోస్తున్నారు. దాంతో చర్మం కింది రక్తనాళాలు వెడల్పయి, లోపలున్న వేడి ఇంకా తొందరగా బయటికి పోతుంది.

"పారుకుంటే పాలు బంద్"

పారుకునే దుడ్డెను ఎక్కువగా చంపేది ఒంట్లో నీరు, లవణాలు పోవడం. పాలు కూడా ఆపితే చలికి తట్టుకునే శక్తీ పోతుంది. పాలు అలాగే ఇస్తూ, రెండు పూటల మధ్య గ్లూకోజు, ఉప్పు, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు తాగించండి. మెడ మీద చర్మం చిటికెతో పట్టి వదలండి. వెంటనే సర్దుకోకుండా మడత అలాగే నిలిస్తే, కళ్లు గుంటలు పడితే, ఇంటి వైద్యం దాటిపోయింది, సెలైన్ పెట్టించాల్సిందే.

బర్రె దుడ్డెల విషయంలో ఇంకోటి ఉంది, ఏలికపాములు. ఇవి తల్లి పాల ద్వారానే దుడ్డెకు చేరతాయి. పెండ బంకమట్టిలా, కుళ్లు వాసనతో వస్తుంటే, పాలు తాగుతూనే దుడ్డె చిక్కిపోతుంటే మనం చలి తగిలిందనుకుంటాం. పది, పదిహేను రోజుల మధ్య డాక్టరును అడిగి నట్టల మందు తాగిస్తే ఆ గండం చాలావరకు తప్పుతుంది. దుడ్డెలను కాపాడతామన్న మెసేజ్‌లో దీని ఊసే లేదు.

"పొద్దున ఎండలో కట్టండి"

ఇది నిజం. కాకపోతే మంచు విడిచాక, గాలి కొట్టని చోట కట్టాలి. రాత్రి గోనెసంచి కప్పి ఉంటే అప్పుడు విప్పి, దాన్ని కూడా ఎండలో ఆరేయాలి. దుడ్డె చెమట పట్టిన సంచినే మళ్లీ రాత్రి కప్పితే కప్పనిదానికంటే అన్యాయం. సాయంత్రం నాలుగు దాటి నీడ పడగానే లోపలికి తోలి, తడిసిన గడ్డి తీసి కొత్తది పరిచి, అప్పుడు పాలు పట్టండి.